వియ్యపురాలి పాదాలు

"ఎల్లుండి కోర్టు అయ్యేదాకా నువ్వు ఆ వ్యాయామం హాలు గడప తొక్కడానికి వీల్లేదు," అంది కూతురు, వీధి తలుపుకు అడ్డంగా నిలబడి.

కండక్టరమ్మ తలెత్తలేదు. కుర్చీలో కూర్చుని ఎడమ బూటులో చెయ్యి పెట్టి లోపలంతా తడుముతోంది. అందులో రాయి ఉన్నా, గుండుసూది ఉన్నా ఆమె పాదం చెప్పదు. రెండేళ్ళుగా ఆ కబుర్లన్నీ చెయ్యే చెప్పాల్సి వస్తోంది.

"తప్పుకో. తొమ్మిదింటికి క్లాసు."

"నిన్న అక్కడ మా అత్తగారిని చూసినప్పటినుంచీ కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నావు."

"కాలు కాలితే నాకు తెలిసి ఛస్తేగా!"

కూతురు నవ్వలేదు. నవ్వించే మాటలకు నవ్వడం ఆ పిల్ల ఎప్పుడో మానేసింది.

"చూడమ్మా. ఆవిడ అక్కడికి వస్తోందని మనకు తెలుసు. మనకు తెలుసన్న సంగతి ఆవిడకు తెలీదు. ఎల్లుండి మన లాయరు లేచి జడ్జిగారి ముందు ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాడు. అప్పటిదాకా నోరు కట్టుకుని ఇంట్లో కూర్చోలేవా?"

"నోరు కట్టుకుంటాను. ఇంట్లో కూర్చోను."

"నీ నోటి సంగతి నాకు తెలీదా? నీ నోట్లో నువ్వుగింజ నానదు."

కండక్టరమ్మ బూటు తాళ్ళు బిగించి లేచి నిలబడింది. చెయ్యి ఆన్చకుండా, ఊపిరి బిగపట్టకుండా. ఐదు నెలల కిందట అలా లేవడానికి కుర్చీ చేతులు రెండూ పట్టుకోవాల్సి వచ్చేది. కూతురు అది చూసింది. చూసి, పక్కకు తప్పుకుంది.

ఇరవై నాలుగేళ్ళు సిటీ బస్సులో టిక్కెట్లు కొట్టిన మనిషి. డ్రైవరు ఎంత బ్రేకు వేసినా కడ్డీ పట్టుకోకుండా, రెండు కాళ్ళూ కాస్త ఎడం పెట్టి, ఒళ్ళంతా బస్సుకే వదిలేసి నిలబడేది. రిటైరైనా ఆ పేరు పోలేదు. సుగర్ మాత్రం ఉద్యోగంలో ఉండగానే వచ్చి చేరింది. మొదట అరికాళ్ళలో చీమలు పాకాయి. తర్వాత మంటలు పుట్టాయి. చివరికి దూది మీద నడుస్తున్నట్టు అయిపోయింది. అలాంటి కాళ్ళతోనే ఒకరోజు మనవరాలు చిట్టిని చంకనెత్తుకుని మెట్లు దిగుతూ, మెట్లు అయిపోయాయనుకుంది. ఇంకొకటి ఉంది.

చిట్టి కనుబొమ మీద రెండు కుట్లు పడ్డాయి.

కూతురూ అల్లుడూ అప్పటికే విడిపోయి ఉన్నారు. కూతురిది రక్తపరీక్షల ల్యాబులో షిఫ్టుల ఉద్యోగం. తను లేనప్పుడు పిల్లని చూసుకునేది అమ్మమ్మే. పిల్ల ఎవరి దగ్గర ఉండాలనే తగువు కోర్టుకెక్కినప్పుడు, అల్లుడి తరఫున సాక్ష్యం చెప్పడానికి అతని తల్లి వచ్చింది. ముప్ఫై ఏళ్ళు బడి నడిపిన హెడ్‌మిస్ట్రెస్సు. ఆవిడ మాట్లాడితే వకీళ్ళు కూడా బెంచీల మీద సర్దుకు కూర్చున్నారు.

"పాదం నేలమీద ఉందో గాలిలో ఉందో తెలియని మనిషి చేతికి పసిపిల్లను అప్పగించడం, ఆ పిల్లకు మనం చేసే ద్రోహం," అంది ఆవిడ, తరగతిలో పాఠం చెప్పినట్టు.

ఆ ఒక్క వాక్యంతో చిట్టి తండ్రి ఇంటికి వెళ్ళిపోయింది. ఆదివారం రెండు గంటలు మాత్రం తల్లి దగ్గర. అమ్మమ్మ కాళ్ళు కుదుటపడితే ఆరు నెలల తర్వాత మళ్ళీ చూద్దామన్నారు జడ్జిగారు.

ఆ ఆరు నెలలూ ఎల్లుండితో నిండుతున్నాయి.

కండక్టరమ్మ ఆ వాక్యాన్ని బట్టీ పట్టింది. పొద్దున్నా సాయంత్రం వంటగట్టు పట్టుకుని మడమలు ఎత్తినప్పుడల్లా దాన్నే జపించింది. "పాదం నేలమీద," కిందికి. "గాలిలో," పైకి. పిక్కలు పట్టేసినా, తుంటి నొప్పెట్టినా ఆపలేదు. డాక్టరు రాసిచ్చింది పదిసార్లు. పగ ఇంకో పది చేయించింది.

*

ఆసుపత్రి వెనక పొడుగాటి హాలు. నేలమీద పసుపు రంగు టేపుతో తిన్నగా గీతలు. గోడవార కుర్చీలు. పద్నాలుగు మంది, అందరిదీ ఒకే జబ్బు.

నేర్పే మాస్టారు ఒకప్పుడు ఫుట్‌బాల్ ఆడినవాడు. ఇప్పుడు బంతి ఆయన చొక్కాలోనే ఉందని అందరూ నవ్వుకుంటారు.

"సుగర్ చూసుకున్నారా?"

"చూసుకున్నాం!"

"పాదాల అడుగున అద్దం పెట్టి చూసుకున్నారా? పుండూ, బొబ్బా ఏం లేవుగా?"

"లేవు!"

"సుగర్ పడిపోతే నోట్లో వేసుకోవడానికి జేబులో తీపి ఉందా?"

"ఉంది!"

అందరూ బడిపిల్లల్లా కోరస్‌గా చెప్పారు, ఒక్కరు తప్ప. చివరి కుర్చీలో నిటారుగా కూర్చున్న హెడ్‌మిస్ట్రెస్సు జవాబు చెప్పలేదు. పుట్టిన దగ్గర్నుంచీ ప్రశ్నలు అడగడమే తప్ప జవాబు చెప్పడం ఆవిడకు అలవాటు లేదు.

కండక్టరమ్మ ఆవిడకు ఎదురుగా వెళ్ళి నిలబడింది. ఆవిడ తలెత్తింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

నరం లేని నాలుక అంటారు. పాదాల్లోనూ లేదన్నమాట, అనుకుంది కండక్టరమ్మ.

"కొత్తగా వచ్చినవాళ్ళకు చెబుతున్నాను," అన్నాడు మాస్టారు. "చచ్చిన నరాన్ని బతికిస్తానని నేను చెప్పను. ఎవరైనా చెబితే నమ్మొద్దు. పాదం మర్చిపోయిన పనిని పిక్కకీ, తుంటికీ, కంటికీ నేర్పిస్తాం. మంటలు కొంతమందికి తగ్గుతాయి. పడిపోవడాలు తగ్గుతాయి. అంతే. మానేశారా, నేర్చుకున్నదీ పోతుంది. ఇవాళ జంటలు. సమానమైన ఎత్తు ఉన్నవాళ్ళు ఎదురెదురుగా నిలబడండి. మీరూ, మీరూ."

ఆయన వేలు వీళ్ళిద్దరి మీద ఆగింది.

"నాకు కుర్చీ చాలు," అంది హెడ్‌మిస్ట్రెస్సు.

"కుర్చీ మిమ్మల్ని పట్టుకోదు మేడం. ఆవిడ పట్టుకుంటారు. మా క్లాసులో గట్టిచెయ్యి ఆవిడదే."

కండక్టరమ్మ రెండు చేతులూ చాపింది. "రండి వదినగారూ. బంధుత్వం ఉందిగా, మొహమాటం దేనికి?"

ఆవిడ చేతులు ఐసుముక్కల్లా ఉన్నాయి.

ముందు మడమలు ఎత్తారు. తర్వాత బొటనవేళ్ళు. నాలుగోసారికే హెడ్‌మిస్ట్రెస్సు చీలమండలు వణికాయి. ఈవిడ జబ్బు నాకంటే ఒక మెట్టు పైనే ఉంది, అని కండక్టరమ్మకు ఆ చేతుల బరువే చెప్పింది.

"ఎన్నాళ్ళయింది?" అని అడిగింది గొంతు తగ్గించి.

"ఇక్కడ మనిద్దరికీ పరిచయం లేదు."

"కోర్టులో మాత్రం నా పాదాల గురించి నాకంటే బాగా చెప్పారే! ఎలా తెలిసిందా అని ఇన్నాళ్ళూ జుట్టు పీక్కున్నాను. సొంత అనుభవమన్నమాట."



"ఇప్పుడు ఒంటికాలు!" మాస్టారు కేకేశాడు. "పది అంకెలు. తర్వాత కళ్ళు మూసుకుని మూడు. జతవాళ్ళు చేతులు వదలకండి. కళ్ళు మూస్తే మనకు నేల ఉండదు, గుర్తుపెట్టుకోండి."

ముందు కండక్టరమ్మ నిలబడింది. పది అంకెలు, కడ్డీలా. కళ్ళు మూసుకుని మూడు. కాస్త ఊగినా పడలేదు.

తర్వాత హెడ్‌మిస్ట్రెస్సు కాలెత్తింది. రెప్పలు మూసింది. ఆవిడ ఒళ్ళంతా వచ్చి కండక్టరమ్మ చేతుల్లో వాలింది.

అంత దగ్గరగా ఆ మొహాన్ని ఎన్నడూ చూడలేదు. ఐదేళ్ళ కిందట, చిట్టి పుట్టిన కొత్తలో, కూతురు నిద్రలేక, కారణం తెలియని ఏడుపుతో నెలల తరబడి గదిలో కూర్చున్నప్పుడు, డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళకుండా "మా కోడలికి మతి చలించింది" అని వీధి వీధంతా చెప్పిన నోరు ఇదే. కోర్టులో ఆ వాక్యం పలికిన నోరు కూడా ఇదే.

కండక్టరమ్మ ఆ చెవి దగ్గరకు వంగింది.

"పాదం నేలమీద ఉందో గాలిలో ఉందో తెలియని మనిషి చేతికి పసిపిల్లను అప్పగించడం..." అంటూ ఒక్కో వేలే వదలసాగింది. చిటికెనవేలు. ఉంగరం వేలు.

హెడ్‌మిస్ట్రెస్సు అరవలేదు. కళ్ళు కూడా తెరవలేదు. "వదలండి," అంది. "అంత మాట అన్నందుకు వదలాల్సిందే."

మధ్యవేలు కూడా జారింది. ఆవిడ పక్కకు ఒరిగిపోయింది.

కండక్టరమ్మ చెయ్యి దానంతటదే వెళ్ళి ఆవిడ నడుం పట్టుకుంది. బ్రేకు పడ్డప్పుడు తూలిన ప్రయాణికుల్ని ఇరవై నాలుగేళ్ళు పట్టుకున్న చెయ్యి. యజమానురాలి పగ ఆ చేతికి తెలీదు.

"ఏమైంది?" అంటూ మాస్టారు పరుగెత్తుకొచ్చాడు.

"ఏం లేదు మాస్టారూ, చెమట పట్టి జారింది," అంది కండక్టరమ్మ. తన చేతి మీద తనకే ఒళ్ళు మండింది. మరుక్షణం సర్దిచెప్పుకుంది. పడి తుంటి విరిగితే జనం ఆవిణ్ణే అయ్యో పాపం అంటారు. ఈవిడ పడకూడదు. తన కాళ్ళమీద తను కోర్టు మెట్లెక్కాలి. ఆ ప్రశ్న నిలబడి వినాలి.

*

క్లాసు అయ్యాక వరండా బెంచీ మీద బూట్లు విప్పి, మేజోళ్ళు తీసి పాదాలు చూసుకుంటోంటే, హెడ్‌మిస్ట్రెస్సు వచ్చి పక్కన కూర్చుంది. మధ్యలో ఇంకో మనిషి పట్టేంత ఎడం.



"ఎవరికైనా చెప్పారా?" అని అడిగింది హెడ్‌మిస్ట్రెస్సు.

"మా అమ్మాయికి చెప్పాను. మీ ఇంట్లో?"

"ఎవరికీ తెలీదు. లైబ్రరీకి వెళుతున్నానని చెప్పి వస్తున్నాను."

"చిట్టి కాలి మీద ఎర్రటి మచ్చ ఉంది," అంది కండక్టరమ్మ. "ఆదివారం చూశాం. అడిగితే నానమ్మ నీళ్ళు అంది. మాకు అర్థం కాలేదు."

హెడ్‌మిస్ట్రెస్సు ఒడిలో చేతులు పెట్టుకుని వాటినే చూస్తూ చెప్పింది.

"తొట్టిలో నా కాలు పెట్టి చూశాను. గోరువెచ్చగా ఉన్నాయనుకున్నాను. ఒక మగ్గు పోశాను. అరిచింది. అల్లరి చేస్తోందనుకున్నాను. రెండో మగ్గు కూడా పోశాను."

కండక్టరమ్మ లేచి నిలబడింది. మేజోళ్ళు లేకుండా నేలమీద నిలబడకూడదని తెలిసీ నిలబడింది. కొట్టడానికి చెయ్యి లేవబోయింది. ఆ చేతి వెనకే, సిగ్గులేకుండా, ఒక సంతోషం కూడా లేచింది. దొరికావు. ఇంతకంటే పెద్ద రుజువు దేవుణ్ణడిగినా ఇవ్వడు.

"మర్నాడే డాక్టరు దగ్గరకు వెళ్ళాను. సూదితో గుచ్చాడు. ఎప్పుడు గుచ్చాడో నాకు తెలీలేదు. ఏడాదిగా వట్టి తిమ్మిరే అని సరిపెట్టుకుంటూ వచ్చాను. అందుకే ఇక్కడ చేరాను."

"ఇదంతా ఎల్లుండి జడ్జిగారికి చెప్పండి."

"చెబితే పిల్ల మీకు వస్తుందనుకుంటున్నారా?" ఆవిడ మొదటిసారి ముఖంలోకి చూసింది. "మా వాడు ఎప్పుడో హాస్టల్ బడి దరఖాస్తు తెచ్చి పెట్టుకున్నాడు. రైలెక్కి ఒక రోజంతా వెళ్ళాలి. వాడికి పిల్ల బరువైపోయింది వదినగారూ. నా కొడుకే, అయినా చెబుతున్నాను. ఇద్దరు ముసలమ్మలూ పనికిరారు అని ఎవరైనా అంటారా అని కాచుక్కూచున్నాడు. మీరు నన్ను ఓడించొచ్చు. ఆ పూటే చిట్టి పెట్టె సర్దుతారు. ఐదేళ్ళ పిల్ల."

"అబద్ధం. భయపెడుతున్నారు."

"కాగితం వాడి సంచిలోనే ఉంది. ఎల్లుండి తెస్తాడు. చూద్దురుగాని."

ఆవిడ బెంచీ అంచు పట్టుకుని లేచి, ఒక్కో అడుగూ కళ్ళతో చూసి వేసుకుంటూ వెళ్ళిపోయింది.

*

ఇంటికి వెళ్ళేసరికి కూతురు డ్యూటీకి తయారవుతోంది.

"మాట్లాడావు కదూ?"

కండక్టరమ్మ వంగి బూటు తాళ్ళు విప్పసాగింది.

"నాకు తెలుసు. నువ్వు అటు వెళ్ళగానే ఇటు లాయరుకు ఫోన్ చేశాను. ఆసుపత్రి రిజిస్టరులో ఆవిడ పేరు ఉందని చెప్పాను. రాసుకున్నాడు."

"ఆ ప్రశ్న అడగొద్దని చెబితే?"

కూతురు జడ అల్లుకోవడం ఆపింది. "ఏమన్నావు?"

"ఏం లేదు."

"ఆర్నెల్లు వంటింట్లో పళ్ళు నూరుతూ మడమలెత్తావు. నేను వినలేదనుకున్నావా? ఇప్పుడు ఆవిడ రెండు కన్నీటిబొట్లు రాల్చగానే కరిగిపోయావా?"

"ఆవిడ ఏడవలేదు."

"ఏడవదు. ఏడిపిస్తుంది."

హాస్టల్ మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే కూతురు వెనక్కి తగ్గుతుందేమో. తగ్గితే ఆవిడ మళ్ళీ తలెత్తుకుని తిరుగుతుంది. అదీ ఓర్చుకోలేదు. ఆ మాటను మింగేసింది. ఆ రోజూ మర్నాడూ తల్లీకూతుళ్ళ మధ్య సుగర్ అంకెలు తప్ప ఇంకో మాట నడవలేదు.

*

గురువారం మధ్యాహ్నం. జడ్జిగారి గది చిన్నది. జడ్జిగారు కూడా చిన్న మనిషే. జుట్టు నెరిసిన ఆడమనిషి, కళ్ళజోడు తాడు మెళ్ళో వేలాడుతోంది.

లాయరు లేచాడు. "పిల్ల నానమ్మగారిని ఒకే ప్రశ్న అడుగుతాను. అమ్మా, మీ పాదాలకు స్పర్శ ఉందా?"

"ఇదేం ప్రశ్నండీ?" అన్నాడు అల్లుడు. "మా అమ్మ రాయిలా ఉంది."

హెడ్‌మిస్ట్రెస్సు లేచి నిలబడింది. కండక్టరమ్మ ఆ క్షణం కోసం ఆర్నెల్లు ఎదురుచూసింది. కుర్చీలో ముందుకు జరిగి, ఆ మొహాన్ని కళ్ళతో తాగడానికి సిద్ధపడింది.

"లేదు," అంది ఆవిడ. "ఏడాదిగా లేదు. ఈవిడ గురించి నేనిక్కడ సాక్ష్యం చెప్పిన రోజున కూడా లేదు."



ఆవిడ నీళ్ళ సంగతి చెప్పింది. మొదటి మగ్గు చెప్పింది. రెండోదీ దాచలేదు. కండక్టరమ్మ వింటూనే ఉంది, కానీ తాగుదామనుకున్నది గొంతు దిగలేదు.

అల్లుడి మొహం పాలిపోయింది, కానీ ఎక్కువసేపు కాదు. సంచి జిప్పు తీశాడు.

"అయితే ఇంక వేరే దారి లేదు మేడం. ఇటూ అదే జబ్బు, అటూ అదే జబ్బు. తల్లికి షిఫ్టులు, నాకు ఊళ్ళు తిరిగే ఉద్యోగం. మంచి హాస్టల్ బడి ఉంది. దరఖాస్తు నింపే తెచ్చాను."

కూతురు గిరుక్కున తల్లివైపు తిరిగింది. "నీకు ముందే తెలుసా?"

కండక్టరమ్మ తల దించుకుంది.

జడ్జిగారు కాగితం చదివి పక్కన పెట్టారు. "ఎవరైనా ఇంకేమైనా చెప్పాలా?"

కండక్టరమ్మ లేచింది. మాస్టారు రాసిచ్చిన కాగితం బల్లమీద పెట్టింది.

"మొదట్లో ఒంటికాలి మీద రెండు అంకెలు నిలబడేదాన్నండి. ఇప్పుడు పద్నాలుగు. గీత మీద తూలకుండా పది అడుగులు వేస్తాను. నా జబ్బు పోలేదు. పోదు. అందుకని మెట్ల మీద పిల్లని ఎత్తుకోను. దాని కాళ్ళమీద అది దిగుతుంది, నేను కడ్డీ పట్టుకుని పక్కన దిగుతాను. నీళ్ళ వేడి చూడ్డానికి థర్మామీటరు కొన్నాను. అమ్మాయికి పొద్దున షిఫ్టు ఉన్న రోజుల్లో నేనొక్కదాన్నే చాలననుకుంటే, వదినగారిని మా ఇంటికి పంపండి. ఒకరిమీద ఒకరం కన్నేసి ఉంటాం. పిల్లని ఏ రైలూ ఎక్కించకండి."

"అంటే ఆవిణ్ణి క్షమించారా?"

"క్షమించడమా?" కండక్టరమ్మ కళ్ళు మెరిశాయి. "ఎంతమాట! రోజూ నా వంటగట్టు దగ్గర నిలబెట్టి మడమలెత్తిస్తానండి. నేను లెక్కపెడతాను, ఆవిడ ఎత్తుతుంది. ఎనిమిదోసారికే ఆపుతానంటే ఊరుకోను. ఆవిడ బతికున్నంతకాలం ఎత్తాల్సిందే. ఇంతకంటే పెద్ద శిక్ష మీ చట్టంలో ఉందా?"

జడ్జిగారు నవ్వు ఆపుకోవడానికి కళ్ళజోడు తుడుచుకున్నారు. "మీకు సమ్మతమేనా?" అని హెడ్‌మిస్ట్రెస్సును అడిగారు.

ఒకరి చేత లెక్కపెట్టించుకోవడం ఆవిడ జీవితంలో లేదు. జడ్జిగారు పక్కన పెట్టిన హాస్టల్ కాగితం వైపు చూసింది.

"సమ్మతమే."

"నాకు సమ్మతం కాదు."

అందరూ తిరిగి చూశారు. మాట్లాడింది కూతురు. ఇన్ని వాయిదాల్లో ఆ పిల్ల జడ్జిగారి ముందు గొంతెత్తడం ఇదే మొదలు.

"అమ్మా, నీ పగ నీకు తోచినట్టు తీర్చుకున్నావు. బాగానే ఉంది. నా పగను నన్ను అడక్కుండా ఎలా బేరం పెట్టావు? ఐదేళ్ళ కిందట నన్ను పిచ్చిదన్నారు. ఆ మాట మన ఇంట్లో ఒక్కరోజు కూడా ఎవరూ ఎత్తలేదు. నువ్వూ ఎత్తలేదు. రేపు పొద్దున ఆవిడ తలుపు తడితే తలుపు తీయాల్సింది ఎవరు? నేను."



"మీకేం కావాలమ్మా?" అని అడిగారు జడ్జిగారు, మెల్లగా.

కూతురు నేరుగా అత్తగారి ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"ఆ వీధిలో పదిహేడు ఇళ్ళకు చెప్పారు అత్తయ్యగారూ. ఏ ఇంట్లో ఏమన్నారో నా చెవిన పడుతూనే ఉంది. ఆ పదిహేడు ఇళ్ళకూ మీ కాళ్ళతో మీరు నడిచి వెళ్ళాలి. కోడలికి పిచ్చి పట్టలేదు, జబ్బు చేసింది, నేను డాక్టరుకు చూపించలేదు అని చెప్పాలి. రోజుకు ఒక ఇల్లైనా సరే. కూర్చుని కూర్చుని వెళ్ళినా సరే. అది అయ్యాకే మా తలుపు తెరుస్తాను."

"ఏం మాటలివి?" అల్లుడు లేచాడు. "అమ్మా, పద ఇంటికి."

అతను తల్లి మోచెయ్యి పట్టుకున్నాడు. ఆవిడ ఆ చేతిని నెమ్మదిగా విడిపించుకుంది. బల్ల పట్టుకోకుండా, కాళ్ళు కాస్త ఎడం చేసి నిలబడింది.

"ఏ ఇంటితో మొదలుపెట్టమంటావు?" అని అడిగింది కోడల్ని.

"మీ ఇంటితోనే. మీరు ఆ మాట అందరికంటే ముందు చెప్పింది మీ అబ్బాయికి." కోడలి గొంతు వణకలేదు. "ఆయన విన్నాడు, నమ్మాడు. ఇప్పుడు మీ పక్కనే ఉన్నాడు. అడుగు కూడా వెయ్యక్కర్లేదు."

హెడ్‌మిస్ట్రెస్సు కొడుకువైపు తిరిగింది.